కాలు బెణికిందా, విరిగిందా? మొదటి పది నిమిషాల నుంచి మళ్లీ బండి ఎక్కేదాకా ఏం చేయాలి

కాలు మడత పడి కూలబడ్డామంటే చాలు, చుట్టూ చేరిన నలుగురిలో ఒకరు కచ్చితంగా "ఏదీ, వేళ్లు కదుపు" అంటారు. మనం కదుపుతాం. "ఆఁ, ఏం కాలేదులే, బెణికిందంతే" అని తీర్పు వచ్చేస్తుంది. ఈ పరీక్ష దండగ. వేళ్లను కదిపే కండరాలు చాలావరకు పిక్క దగ్గర ఉంటాయి, వాటి తాళ్లు చీలమండ మీదుగా దిగి వేళ్ల దాకా వస్తాయి, కాబట్టి చీలమండ ఎముక చిట్లినా వేళ్లు సుబ్బరంగా కదులుతాయి. అలాగే "టప్" మని చప్పుడు వచ్చింది కాబట్టి విరిగినట్టే అనుకోవడం కూడా తప్పే, ఎముకని ఎముకతో కలిపి పట్టి ఉంచే తాడు, లిగమెంట్ తెగినా అదే చప్పుడు వస్తుంది. వాపుని బట్టి కూడా చెప్పలేం. కొన్ని బెణుకులు గుమ్మడికాయంత వాస్తాయి, ఎముక విరిగినా కొన్నిసార్లు మొదటి రోజు పెద్దగా వాయదు కూడా.

నేను డాక్టర్ని కాదు. అపార్ట్‌మెంట్ మెట్లలో ఆఖరి మెట్టు అయిపోయిందనుకుని, కరెంటు లేని చీకట్లో గాల్లో అడుగేసి, అక్కడి నుంచి మూడేళ్లలో అదే కాలిని మూడుసార్లు బెణికించుకున్నవాణ్ణి. మొదటిసారి చేసిన తప్పులే మిగతా రెండిటినీ తెచ్చిపెట్టాయని తర్వాత ఫిజియోథెరపిస్టు చెబితే గానీ తెలియలేదు. ఆ తప్పులు మీరు చేయకుండా ఉండటానికే ఇదంతా.

ముందు మెట్టెలు, పట్టీలు తీసేయండి

ఇది ఎవరూ చెప్పరు, కానీ దెబ్బ తగిలిన మొదటి పది నిమిషాల్లో చేయాల్సిన పని ఇదే. షూ, సాక్సు, పట్టీలు, మెట్టెలు, కాలికి కట్టుకున్న దారం అన్నీ తీసేయాలి. వాపు మొదలయ్యాక మెట్టె చుట్టూ వేలు ఉబ్బిపోతుంది, అప్పుడది రాదు, రక్తం ఆడదు, ఆఖరికి కటింగ్ ప్లేయర్ తెచ్చి కోయాల్సి వస్తుంది. మా అత్తయ్యకి ఇదే జరిగింది. "మెట్టెలు తీయకూడదమ్మా" అని వాకిట్లో అరగంట వాదించారు, అంతలో వేలు వంకాయ రంగుకి వచ్చేసింది. తీసి పసుపు కుంకుమల దగ్గర పెట్టండి, కాలు తగ్గాక మళ్లీ పెట్టుకోవచ్చు. అప్పటికే వాచిపోతే వేలికి సబ్బు నురగో నూనో రాసి, కాలు కాసేపు ఎత్తుగా పెట్టి, తిప్పుతూ లాగండి. రాకపోతే వెండి మీద మమకారం పెట్టుకోకుండా కోయించేయడమే.

ఎముక సంగతి తేల్చుకోవడం: నాలుగు చోట్లు, నాలుగు అడుగులు

1992లో కెనడాలోని ఒటావాలో ఇయాన్ స్టీల్ అనే డాక్టరు, ఆయన బృందం కలిసి ఒక చిన్న పద్ధతి ప్రచురించారు. చీలమండ దెబ్బతో ఎమర్జెన్సీకి వచ్చే ప్రతివాళ్లకీ ఎక్స్‌రే తీయడం, అందులో ఎక్కువమందికి ఏ ఎముకా విరగకపోవడం చూసి, ఎవరికి ఎక్స్‌రే నిజంగా అవసరమో ముందే ఎలా తెలుసుకోవాలి అని ఆలోచించారు. ఇప్పుడు దాన్ని ఒటావా రూల్స్ అంటారు, ప్రపంచమంతా వాడుతున్నారు. యంత్రాలేమీ అక్కర్లేదు, వేలు చాలు.

చీలమండకి రెండు వైపులా బొడిపెల్లాగా రెండు బొమికలు ఉంటాయి కదా, బయటి వైపు ఒకటి, లోపలి వైపు ఒకటి. ముందు బయటి బొమిక వెనక అంచు వెంబడి, కింద కొస నుంచి పైకి నాలుగు వేళ్ల వెడల్పు దాకా, చూపుడు వేలితో గట్టిగా నొక్కుతూ వెళ్లండి. తర్వాత లోపలి బొమికకీ అలాగే చేయండి. మూడోది, పాదం బయటి అంచు మీద చిటికెన వేలి నుంచి మడమ వైపు వేలు జరుపుకుంటూ వస్తే సగం దూరంలో ఒక గడ్డలాంటి ఎముక తగులుతుంది, అక్కడ. నాలుగోది, పాదం లోపలి వైపు, లోపలి బొమికకి కాస్త ముందూ కిందా ఉబ్బెత్తుగా తగిలే ఎముక మీద. ఈ నాలుగింటిలో ఎక్కడైనా ఎముక మీద నొక్కితే ప్రాణం పోయేలా ఉందంటే ఎక్స్‌రే తీయించుకోవాలి. మెత్తటి చోట నొక్కితే నొప్పి రావడం వేరు, ఎముక మీదే నొప్పి రావడం వేరు. ఈ తేడా పట్టుకోవడమే ఇందులో అసలు పని. తెలియకపోతే బాగున్న కాలికి ముందు నొక్కి చూసుకోండి, ఎముక ఎక్కడుందో వేలికి అలవాటవుతుంది.

ఇక నాలుగు అడుగులు. పడగానే నాలుగు అడుగులు వేయగలిగారా? ఇప్పుడు వేయగలుగుతున్నారా? కుంటినా ఫర్వాలేదు, రెండు కాళ్ల మీదా బరువు మార్చుకుంటూ నాలుగు అడుగులు పడితే చాలు. అప్పుడూ వేయలేక, ఇప్పుడూ వేయలేకపోతే ఎక్స్‌రే.

నొక్కితే ఎముక నొప్పి లేదు, నాలుగు అడుగులూ పడ్డాయి అంటే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా చాలా తక్కువ. బయటి బొమికకి ముందూ కిందా ఉన్న మెత్తటి పల్లంలో నొప్పి, వాపు ఉన్నాయంటే అది మామూలు బెణుకు. పాదం లోపలికి మడత పడినప్పుడు బయటి వైపు లిగమెంట్ సాగడమో చినగడమో జరుగుతుంది, బెణుకుల్లో ఎక్కువభాగం ఇవే.

ఈ పద్ధతి అందరికీ పనిచేయదు. చిన్నపిల్లలకి నమ్మకండి, మందు కొట్టి పడినవాళ్లకి నొప్పి సరిగా తెలియదు కాబట్టి వాళ్లకీ నమ్మకండి, షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లకి అసలే నమ్మకండి. షుగర్ సంగతి కింద విడిగా రాశాను, అది మీ ఇంట్లో ఉంటే ముందు అదే చదవండి.

ఇవి ఉంటే ఇంట్లో వైద్యం మాట ఎత్తకండి

పాదం వంకరగా, ఉండాల్సిన దిక్కుకి కాకుండా ఇంకో దిక్కుకి తిరిగి ఉంటే, చర్మం చీలి ఎముక కనిపిస్తుంటే, పాదం తెల్లగా పాలిపోయి చల్లబడితే, వేళ్లు తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోతే 108కి ఫోన్ చేయండి. లాగి సరిచేసే ప్రయత్నం ఎవరినీ చేయనివ్వకండి, ఊళ్లో ఎంత పేరున్న మనిషైనా సరే. బండి వచ్చేలోపు ఒక పెద్ద దిండు తీసుకుని కాలి కింద పెట్టి, పుస్తకం అట్టలా రెండు వైపులా పైకి మడిచి, తువ్వాళ్లతో మూడు చోట్ల వదులుగా కట్టండి, వేళ్లు బయటికి కనిపించాలి. ఇది చాలా మంచి కట్టు, అంబులెన్సు వాళ్లు కూడా మెచ్చుకుంటారు. గాయం మీద పసుపు, కాఫీ పొడి, ముగ్గు వేయొద్దు, శుభ్రమైన బట్ట కప్పి ఉంచండి. మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయాల్సి రావచ్చు కాబట్టి "పాపం నీరసంగా ఉంది" అని కాఫీలు, ఇడ్లీలు తినిపించకండి.

మొదటి మూడు రోజులు

బెణుకే అని తేలింది. ఇక్కడే మనవాళ్లు వేడి మీద పడతారు. చింతపండు గుజ్జులో ఉప్పు వేసి ఉడికించి పట్టు వేయడం, వావిలాకు నీళ్లు కాచి పోయడం, ఇసుక మూట కాపడం. నేను వీటిని వెక్కిరించను, రెండో వారంలో పట్టేసిన కాలికి వావిలాకు నీళ్లు పోసుకుంటే ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు. కానీ మొదటి రెండు మూడు రోజులు లోపల చిన్న రక్తనాళాలు చిట్లి రక్తం ఊరుతూ ఉంటుంది. అప్పుడు వేడి పెడితే అవి ఇంకా విచ్చుకుంటాయి, వాపు రెట్టింపవుతుంది. తోమడం ఇంకా ఘోరం. మొదటిసారి నా కాలిని రెండో రోజే ఒకాయన నూనె రాసి, కింద కూర్చుని, బొటనవేళ్లతో ఇరవై నిమిషాలు తోమాడు. "నరం మీద నరం ఎక్కింది, దించుతున్నా" అన్నాడు. నరం మీద నరం ఎక్కడం అనేదేమీ లేదు, సగం చినిగిన లిగమెంట్‌ని ఆయన పూర్తిగా కెలికాడు. ఆ రాత్రి దుప్పటి అంచు తగిలినా కేకలు పెట్టాను.

కాబట్టి మొదటి మూడు రోజులు వేడి వద్దు, తోమడం వద్దు, మద్యం తాగడం వద్దు, "నడిస్తే అదే సర్దుకుంటుంది" అని పరుగులు వద్దు. నొప్పి ఆయింట్‌మెంట్ రాసుకోవాలంటే పైపైన రాసుకోండి, రుద్దకండి. జెల్ రాసి దాని మీద వేడి గుడ్డ పెట్టి చర్మం బొబ్బలెక్కించుకున్నవాళ్లని చూశాను.

ఐస్ పెట్టుకోవడానికి ప్రత్యేకంగా ఏమీ కొనక్కర్లేదు, డీప్ ఫ్రిజ్‌లో గడ్డకట్టిన పాల ప్యాకెట్ చాలు, చీలమండ ఒంపులో చక్కగా కూర్చుంటుంది. తడి రుమాలు చుట్టి పెట్టండి, నేరుగా చర్మానికి ఆనిస్తే చర్మం మంచుతో కాలిపోతుంది. 15 నుంచి 20 నిమిషాలు, ఆపైన వద్దు, మళ్లీ రెండు మూడు గంటల తర్వాత. ఐస్ వల్ల నొప్పి తగ్గుతుంది, అంతవరకే. 1978లో విశ్రాంతి, ఐస్, కట్టు, ఎత్తు అనే నాలుగు మాటల సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చిన గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టరే 2014లో, ఐస్ ఎక్కువగా వాడితే మానడం ఆలస్యం కావచ్చని తన మాట తానే మార్చుకున్నాడు. మొదటి రెండు రోజులు నొప్పి కోసం వాడండి, వారాల తరబడి వాడకండి.

క్రేప్ బ్యాండేజీ నాలుగంగుళాలది తీసుకోండి, ఆరంగుళాలది మోకాలికి. చాలామంది చీలమండ దగ్గర మొదలుపెట్టి అక్కడే చుట్టేస్తారు, అప్పుడు వాపంతా కిందకి దిగి పాదం బన్నులా పొంగుతుంది. వేళ్ల మొదట్లో మొదలుపెట్టాలి. పాదాన్ని కాలికి నిలువుగా, నిలబడినప్పుడు ఎలా ఉంటుందో అలా పట్టుకోమనండి. పాదం చుట్టూ రెండు చుట్లు వేశాక, అరికాలి కింద నుంచి బయటి అంచు మీదుగా పైకి లాగుతూ చీలమండ వెనక తిప్పి మళ్లీ పాదం మీదకి తేవాలి, 8 అంకె వేసినట్టు. ప్రతి చుట్టూ ముందు చుట్టుని సగం కప్పాలి. చీలమండకి నాలుగు వేళ్ల పైదాకా వచ్చాక ఆపండి. కింద కాస్త బిగువు, పైకి వెళ్లేకొద్దీ వదులు. కట్టాక బొటనవేలి గోరు నొక్కి వదలండి, తెల్లబడిన గోరు రెండు మూడు సెకన్లలో గులాబీ రంగుకి రావాలి. రాకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా విప్పి మళ్లీ కట్టండి. రాత్రి పడుకునేటప్పుడు విప్పేయండి.

కాలు ఎత్తుగా పెట్టడం అంటే టీవీ ముందు స్టూలు మీద పెట్టడం కాదు, గుండె కన్నా ఎత్తులో ఉండాలి. పడుకుని పిక్క కింద రెండు దిండ్లు. వాపు దిగడానికి ఐస్ కన్నా ఇదే ఎక్కువ పనిచేసిందని నాకు అనిపించింది.

నొప్పికి పారాసెటమాల్ 650 ఆరు గంటలకి ఒకటి చొప్పున వేసుకోవచ్చు, లివర్ జబ్బు లేకపోతే. డైక్లోఫెనాక్ లాంటి గట్టి మాత్రలు మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు గానీ, కిడ్నీ సమస్య, అల్సర్, గుండె జబ్బు, రక్తం పలచబడే మందులు, గర్భం వీటిలో ఏది ఉన్నా డాక్టరుని అడక్కుండా వద్దు.

రెండు మూడు రోజులకి నీలం మచ్చలు చీలమండ నుంచి మడమకి, వేళ్లకి దిగుతాయి. చూసి హడలిపోకండి, రక్తం బరువుకి కిందకి జారుతుంది అంతే. పచ్చబడి, పసుపుబడి రెండు మూడు వారాల్లో పోతుంది.

నాటు కట్టు సంగతి అడుగుతారని తెలుసు. పుత్తూరు కట్టుకి వందేళ్లకి పైబడిన పేరుంది, వెదురు బద్దలు, ఆకుపసరు, గుడ్డు సొన వేసి కట్టే ఆ కట్టు కోసం ఇప్పటికీ దూరాల నుంచి వెళ్తారు. వెళ్లొద్దని నేను చెబితే మీరు మానరు. రెండే మాటలు. ముందు ఎక్స్‌రే తీయించుకుని, ఎముక విరిగి ఉంటే ఎముకల డాక్టరుకి ఒకసారి చూపించి, ఆ తర్వాతే నిర్ణయించుకోండి, ఎందుకంటే చీలమండ కీలులో ఎముక ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిగి అతుక్కున్నా తర్వాత కీలు అరిగిపోతుంది. రెండోది, నాటు కట్టైనా సిమెంటు కట్టైనా, కట్టిన తర్వాత నొప్పి తగ్గకుండా పెరుగుతూ పోతే, వేళ్లు నల్లబడితే, తిమ్మిరెక్కితే, తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే వెళ్లి విప్పించుకోండి. బిగుసుకున్న కట్టు కింద కొన్ని గంటల్లోనే కండరం చచ్చిపోతుంది. దురద పెడుతోందని స్వెట్టర్ సూది దూర్చడం మాత్రం చేయకండి.

బెణుకులా కనిపించే వేరే దెబ్బలు

షటిల్ ఆడుతుంటే వెనక నుంచి ఎవరో మడమ మీద తన్నినట్టు అనిపించి, తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఇలా అయితే అది బెణుకు కాదు, మడమ వెనక ఉండే లావుపాటి తాడు, అకిలీస్ టెండన్ తెగింది. వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం మాత్రం క్రికెట్టూ షటిలూ ఆడే నలభై ఏళ్ల మగవాళ్లకి ఇది బాగా వస్తుంది. బోర్లా పడుకోబెట్టి, పాదాలు మంచం అంచు బయట ఉంచి, పిక్కని చేత్తో పిసకండి. బాగున్న కాలైతే మునివేళ్ల మీద లేచేటప్పటిలా పాదం కదులుతుంది, తాడు తెగితే కదలదు. అదే రోజు డాక్టరు దగ్గరకి వెళ్లాలి. నడవగలుగుతున్నారు కదా అని ఊరుకుంటే తెగిన కొసలు దూరం జరిగిపోతాయి.

గోడ మీద నుంచో తాటిచెట్టు మీద నుంచో దూకి లేదా పడి మడమ నొప్పి అంటే మడమ ఎముక పగిలి ఉండొచ్చు. అలా పడినవాళ్లకి నడుము దగ్గర వెన్నుపూస కూడా నలిగే అవకాశం ఉంది, కాబట్టి నడుము నొప్పి కూడా ఉందేమో అడగండి, మడమ నొప్పిలో అది బయటపడదు.

అరికాలిలో, మధ్యలో నీలం మచ్చ కనిపిస్తే వెంటనే చూపించుకోండి. బండి మీద పడి పాదం కింద ఇరుక్కున్నవాళ్లకి పాదం మధ్య కీళ్లు జరిగిపోయినప్పుడు ఇలా వస్తుంది, మామూలు ఎక్స్‌రేలో కూడా దొరక్కుండా పోతుంది, నిలబెట్టి బరువు వేసి తీస్తేనే తెలుస్తుంది.

పాదం బయటి అంచు సగం దూరంలో ఉన్న ఆ గడ్డ ఎముక, ఇందాకటి మూడో చోటు, అక్కడా విరుగుతుంది. అక్కడికి కాస్త ముందు విరిగే రకానికి జోన్స్ ఫ్రాక్చర్ అని పేరు, ఎందుకంటే రాబర్ట్ జోన్స్ అనే బ్రిటన్ సర్జన్ డాన్స్ చేస్తూ తన పాదమే విరగ్గొట్టుకుని 1902లో దాని గురించి రాశాడు. అక్కడ రక్త సరఫరా తక్కువ, మానడానికి మొరాయిస్తుంది, అందుకని బెణుకు అనుకుని వదిలేయకూడని చోటు అది.

ఏ దెబ్బా తగల్లేదు, కానీ కానిస్టేబుల్ సెలెక్షన్ కోసం 1600 మీటర్లు రోజూ తారు రోడ్డు మీద పరుగెత్తుతుంటే మూడో వారంలో పాదం పైభాగంలో ఒకే చోట నొప్పి మొదలైంది, పరుగెత్తితే ఎక్కువ, పడుకుంటే తక్కువ. ఇది ఎముకలో సన్నటి గీత పడటం, మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు ఆపాల్సిందే, వేరే దారి లేదు. ఆపకపోతే గీత పడిన ఎముక కాస్తా విరిగిపోతుంది, సెలెక్షనూ పోతుంది.

మంచం కోడుకో గడపకో ఎదురుదెబ్బ తగిలి వేలు వాచిపోతే, వేలు తిన్నగా ఉన్నంతవరకు పక్క వేలితో కలిపి, మధ్యలో చిన్న దూది పెట్టి, టేపు వేస్తే చాలు, మూడు నాలుగు వారాలు. బొటనవేలు మాత్రం చూపించుకోండి, నడకలో బరువు ఎక్కువగా దాని మీదే పడుతుంది. చెప్పులోంచి మేకు దిగితే సబ్బు నీళ్లతో బాగా కడిగి, ఐదేళ్లలోపు వేయించుకోకపోతే టీటీ ఇంజెక్షన్ వేయించుకోండి, రెండు మూడు రోజుల తర్వాత నొప్పి, వాపు మళ్లీ పెరిగితే లోపల చీము పట్టిందేమో చూపించుకోండి.

పిల్లలకి ఎముక చివర్లలో ఎదిగే పొర ఒకటి ఉంటుంది, వాళ్లలో అది లిగమెంట్ కన్నా బలహీనం. అందుకని పెద్దవాళ్లకి బెణుకు అయ్యే దెబ్బే పిల్లలకి ఎముక దెబ్బ అవుతుంది. బండి వెనక కూర్చుని చక్రం చువ్వల్లో కాలు పెట్టిన పిల్లాడికి పైకి గీసుకుపోయినట్టే కనిపిస్తుంది, లోపల చర్మం, కండ నలిగి రెండు రోజులకి నల్లబడుతుంది. పిల్లలకి ఊరికే చూపించినా నష్టం లేదు.

షుగర్ ఉన్నవాళ్లు

ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకి పాదాల నరాలు మొద్దుబారతాయి. ఎముక విరిగినా నొప్పి తెలియదు, హాయిగా నడుస్తారు. పాదం ఒకటి ఎర్రగా, వేడిగా, వాచి ఉంది, పెద్ద నొప్పి లేదు, ఎప్పుడు దెబ్బ తగిలిందో కూడా గుర్తులేదు. దీన్ని ఇంట్లో బెణుకు అంటారు, కొన్నిచోట్ల ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్ ఇచ్చి పంపిస్తారు. ఇది షార్కో పాదం కావచ్చు. లోపల ఎముకలు మెత్తబడి, నడిచేకొద్దీ నలిగి, అరికాలి ఒంపు కూలిపోయి పాదం పడవ అడుగులా తయారవుతుంది. మొదట్లోనే పట్టుకుని కాలికి పూర్తి కట్టు వేసి బరువు ఆపేస్తే ఆకారం నిలుస్తుంది. రెండు పాదాల మీదా చేతి వెనక భాగం ఆనించి చూడండి, ఒకటి స్పష్టంగా వేడిగా ఉంటే అడుగు కింద పెట్టకుండా ఆ రోజే వెళ్లండి. ఇంకోటి, షుగర్ పాదానికి ఐస్ గాని కాపడం గాని ఇంట్లో పెట్టొద్దు, కాలినా తెలియదు. అయ్యప్ప మాల 41 రోజులు చెప్పుల్లేకుండా తిరిగే షుగర్ స్వాములు రాత్రి పడుకునే ముందు అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి, లేదా ఇంట్లోవాళ్లు చూడాలి.

మూడో రోజు తర్వాత: అసలు వైద్యం ఇక్కడుంది

నొప్పి తగ్గగానే మనం కాలిని మరిచిపోతాం. నేను మరిచిపోయాను, పదకొండు నెలలకి చదునైన ఆఫీసు కారిడార్‌లో, కింద ఏమీ లేని చోట, మళ్లీ పడ్డాను. కారణం ఇది. లిగమెంట్ ఉత్త తాడు కాదు, పాదం ఎంత వాలిందో క్షణక్షణం మెదడుకి చెప్పే సెన్సర్లు అందులో ఉంటాయి. బెణికినప్పుడు అవీ దెబ్బతింటాయి. తాడు అతుక్కున్నా కబురు ఆలస్యంగా వెళ్తుంది, కండరం బిగుసుకునేలోపే పాదం మడత పడిపోతుంది. ఆ కబుర్లు మళ్లీ నేర్పించాలి, అది మాత్రలతో రాదు.

మూడో రోజు నుంచి కుర్చీలో కూర్చుని, కాలు గాల్లో ఉంచి, బొటనవేలితో అక్షరాలు దిద్దండి. అ నుంచి మొదలుపెట్టి అః దాకా, ఓపికుంటే క గుణింతం కూడా. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి చీలమండ అన్ని దిక్కులకీ తిరుగుతుంది. కాలు మొత్తం తిప్పకుండా చీలమండ మాత్రమే తిప్పాలి. రోజుకి మూడుసార్లు. నొప్పి భరించేంత ఉంటే చేయండి, గుచ్చినట్టు వస్తే ఆపండి.

వారం తర్వాత, కాలు చాపి కూర్చుని పాదానికి తువ్వాలు మెలికేసి మీ వైపుకి లాగండి, అర నిమిషం పట్టి ఉంచి వదలండి, నాలుగైదు సార్లు. గోడ పక్కన కూర్చుని పాదం బయటి అంచుతో గోడని నెట్టండి, ఐదు సెకన్లు, పదిసార్లు. నెట్టేటప్పుడు పిక్క బయటి వైపు బిగుసుకోవాలి, పాదం మడత పడకుండా ఆపే కండరం అదే. కాలిమీద బరువు బాగా ఆనుతుంటే, వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేచి, మూడు సెకన్లకి మెల్లగా దిగండి. ముందు రెండు కాళ్లతో, తర్వాతి వారాల్లో ఒక్క కాలితో.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒంటికాలి మీద నిలబడటం. నేను పొద్దున్నే బ్రష్ చేసేటప్పుడు చేస్తాను, సింకు పక్కనే ఉంటుంది కాబట్టి పట్టుకోవచ్చు. దెబ్బ కాలి మీద 30 సెకన్లు. మొదటి రోజు ఏడు సెకన్లకే ఊగిపోయాను, రెండో కాలితో నిమిషం నిలబడ్డాను, ఆ తేడా చూస్తేనే అర్థమైంది లోపల ఎంత పోయిందో. 30 సెకన్లు వచ్చాక కళ్లు మూసుకుని, అదీ వచ్చాక మడిచిన దుప్పటి మీద నిలబడి. ఇది ఆరు వారాలు రోజూ చేయాలి, నొప్పి లేకపోయినా సరే.

ఎంత కాలం పడుతుందంటే, లిగమెంట్ సాగడం వరకే అయితే ఒకటి నుంచి మూడు వారాలు, సగం చినిగితే మూడు నుంచి ఆరు వారాలు, పూర్తిగా తెగితే రెండు మూడు నెలలు. పూర్తిగా తెగినా ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే బ్రేస్ (చీలమండకి ఊతంగా వేసుకునే తొడుగు), వ్యాయామాలతో బాగవుతుంది. ఐదారు రోజులకి కూడా కాలు మోపలేకపోతే, ఆరు వారాలకీ వాపు దిగకపోతే, చీలమండకి పైన కాలి ముందు భాగంలో నొప్పి ఉంటే మళ్లీ చూపించుకోండి. ఎక్స్‌రేలో లిగమెంట్ కనపడదు, అప్పుడు అవసరమైతే ఎమ్మారై రాస్తారు, మొదటి రోజే అక్కర్లేదు.

చేతికర్ర వాడితే దెబ్బ కాలి వైపు చేతిలో కాదు, అవతలి చేతిలో పట్టుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. పిక్క వాచి గట్టిపడి నొప్పి పుడితే, లేదా ఉన్నట్టుండి ఆయాసం వస్తే రక్తం గడ్డకట్టిందేమో అని వెంటనే హాస్పిటల్‌కి వెళ్లాలి, కాలు కదపకుండా వారాలు పడుకున్నవాళ్లకి ఆ ప్రమాదం ఉంటుంది.

మళ్లీ బండి, మళ్లీ మెట్లు

గేర్ల బండికి ఎడమ కాలితో గేర్లు, కుడి కాలితో వెనక బ్రేకు. కుర్చీలో కూర్చుని నేల మీద బ్రేకు తొక్కినట్టు ఒక్కసారిగా పాదం దించండి, నొప్పికి వెనక్కి లాక్కోబుద్ధేస్తే ఇంకా టైమ్ ఉంది. స్కూటీకి పాదంతో పని లేదు కదా అనకండి, సిగ్నల్ దగ్గర గుంతలో కాలు ఆనించాల్సి వచ్చినప్పుడు వంద కిలోల బండి ఆ చీలమండ మీదే వాలుతుంది. ఆటలకైతే దెబ్బ కాలి మీద పదిసార్లు కుంటి గెంతు వేసి చూసుకోండి, తొక్కుడుబిళ్ల ఆడినట్టు. నొప్పి లేకుండా, పక్కకి పడకుండా వస్తే మైదానంలోకి వెళ్లొచ్చు, మొదటి మూడు నెలలు లేసులు కట్టే రకం బ్రేస్ వేసుకుని.

తిరుమల నడకదారి మొక్కు ఉన్నవాళ్లు ఎప్పుడు ఎక్కొచ్చని అడుగుతారు. అలిపిరి నుంచి దాదాపు 3550 మెట్లు. ఇంట్లో మూడంతస్తులు రెయిలింగ్ పట్టుకోకుండా దిగగలిగితే ఎక్కండి, మోకాళ్ల పర్వతం దగ్గర తొందరపడకండి. ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడే చీలమండ మీద ఎక్కువ భారం పడుతుంది, అప్పటికి పిక్కలు కూడా అలిసిపోయి ఉంటాయి. మొక్కు ఎక్కడానికే కదా, దిగడం బస్సులో దిగండి.